ఇప్పుడే రాసిచ్చేయాలా, వీలునామా రాసి ఊరుకోవాలా?

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు, భోజనాలయ్యాక నాన్న మంచం మీద నడుం వాలుస్తూ "ఇల్లూ పొలమూ మీ ఇద్దరి పేరా రాసిచ్చేస్తే నా పని అయిపోతుందమ్మా" అన్నారు. డల్లాస్ నుంచి వీడియో కాల్‌లో ఉన్న అన్నయ్య "మీ ఇష్టం నాన్నా" అనేసి ఊరుకున్నాడు. అప్పటికే తెనాలిలో తెలిసిన దస్తావేజు లేఖరి ఒకాయన గిఫ్టు సెటిల్‌మెంట్, అంటే బతికుండగానే ఆస్తి పిల్లల పేర మార్చేసే దస్తావేజు, చేసేద్దామని మంచి రోజు కూడా చూసి పెట్టాడట. ఎందుకో నాకు మనసొప్పలేదు, ఆ రోజు వాయిదా వేయించాను. ఆ తర్వాత రెండు నెలలు ఇద్దరు లాయర్ల చుట్టూ, ఒక ఆడిటర్ చుట్టూ తిరిగి తెలుసుకున్నవే ఇవన్నీ. నేను లాయర్ని కాదు, మీ కాగితాలు చూడకుండా మీ లెక్క ఎవరూ చెప్పలేరు కూడా, కానీ లాయర్ దగ్గరికి వెళ్ళే ముందు ఇంత తెలిసుంటే ఏం అడగాలో తెలుస్తుంది.

ఏమీ రాయకుండా వదిలేయడం కూడా ఒక ఎంపికే, మనవాళ్ళలో ఎక్కువమంది చేసేది అదే. మీరు రాయకపోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం మీ తరఫున రాసేస్తుంది. మగవాడు వీలునామా లేకుండా పోతే భార్య, కొడుకులు, కూతుళ్ళు, తల్లి అందరికీ సమాన వాటా. తల్లి ఉంది చూడండి, అది చాలామందికి తెలియదు. హైదరాబాద్‌లో నలభై ఏళ్ళ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఫ్లాట్ కొనుక్కుని హఠాత్తుగా పోయాడనుకోండి, భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఉంటే ఫ్లాట్ నాలుగు వాటాలవుతుంది. తర్వాత ఆ పెద్దావిడ ఏమీ రాయకుండా పోతే ఆవిడ పావు వాటా ఆ పిల్లలిద్దరితో పాటు ఆయన అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్ళకీ పోతుంది. అప్పుడు ఫ్లాట్ అమ్మాలంటే ఆ భార్య బావగారి సంతకం కోసం, ఆడపడుచు సంతకం కోసం తిరగాలి. వాళ్ళు మంచివాళ్ళే అయినా ఒకరు మస్కట్‌లో, ఒకరు మెల్‌బోర్న్‌లో ఉంటారు, అదీ సంగతి. తండ్రి ఈ మొదటి వరసలో లేనే లేడు. ఈ విషయం మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ఆడవాళ్ళు రాయకపోతే ఇంకా చిక్కు. పెళ్ళయిన ఆడమనిషి తన జీతంతో కొనుక్కున్న స్థలం ఉంది, పిల్లల్లేరు, భర్త ముందే పోయాడు అనుకుందాం. ఆవిడ వీలునామా రాయకుండా పోతే ఆ స్థలం ఆవిడ కన్నతల్లికి కాదు, భర్త తరఫు వారసులకి వెళ్తుంది. పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి అయితేనే తండ్రి వారసులకి తిరిగి వెళ్తుంది. సంపాదించుకునే ఆడవాళ్ళు ఈ ఒక్క కారణానికైనా వీలునామా రాసి తీరాలి, వయసు ముప్పై అయినా సరే.

ఇక గిఫ్టా, వీలునామానా అని తేల్చుకునే ముందు ఆ ఆస్తి స్వార్జితమా, పిత్రార్జితమా అనేది తేలాలి. "తాత ఆస్తి మీద మనవడికి పుట్టగానే హక్కు" అని రచ్చబండ దగ్గర తీర్పులిచ్చేస్తారు గానీ అది అన్ని ఆస్తులకీ వర్తించదు. 1956 తర్వాత తాత వీలునామా లేకుండా పోయి, ఆయన సొంత ఆస్తి నాన్నకి వాటాగా వచ్చిందంటే అది నాన్న సొంతం కిందే లెక్క, ఆయన ఎవరికైనా రాయొచ్చు. ఉమ్మడి కుటుంబం నుంచి దిగుతూ వస్తున్న, పంపకం కాని ఆస్తి అయితే వేరు. అందులో కూతుళ్ళకీ పుట్టుకతోనే హక్కుంది. ఎన్టీఆర్ ప్రభుత్వం 1985 సెప్టెంబరు 5 నుంచి పెళ్ళికాని కూతుళ్ళకి ఇచ్చిన హక్కుని 2005 సెప్టెంబరు 9 సవరణ దేశమంతటా కూతుళ్ళందరికీ విస్తరించింది, తండ్రి ఆ తేదీకి బతికి ఉండక్కర్లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పేసింది. "ఆడపిల్లకి పసుపు కుంకుమ కింద అప్పుడే ఎకరం ఇచ్చేశాం కదా" అంటారు, కానీ ఆ ఎకరం నోటిమాట మీదే ఉండి పాసు పుస్తకం ఇంకా తండ్రి పేరుమీదే నడుస్తుంటే రేపు అటు ఆ అమ్మాయికీ ఇటు అన్నదమ్ములకీ గొడవే మిగులుతుంది.

ఇక్కడే గిఫ్టుకీ వీలునామాకీ మొదటి తేడా కనిపిస్తుంది. పంపకం కాని ఉమ్మడి ఆస్తిలో తన వాటాని మిగతావాళ్ళ ఒప్పుదల లేకుండా ఒకరికి గిఫ్టుగా రాస్తే చెల్లదు, 1987లో సుప్రీంకోర్టు తేల్చిన మాట ఇది, అదీ మన ఆంధ్ర నుంచి వెళ్ళిన కేసులోనే. అదే వాటాని వీలునామాలో మాత్రం రాసుకోవచ్చు. ఎవరిదో ఒప్పుదల దొరకని చోట గిఫ్టు దస్తావేజు మీద స్టాంపు డ్యూటీ దండగ.

గిఫ్టు సెటిల్‌మెంట్ మంచి ఏమిటంటే, అది అప్పుడే అయిపోతుంది. రిజిస్ట్రేషన్ కావాలి, ఇద్దరు సాక్షులు కావాలి, తీసుకునేవాళ్ళు ఒప్పుకోవాలి, అంతే, ఆ రోజే పేరు మారుతుంది. మీరు పోయాక ఎవరూ కోర్టుకెళ్ళి "నాన్నకి అప్పటికి మతి సరిగ్గా లేదు" అనడం అంత తేలిక కాదు, ఎందుకంటే మీరు బతికుండగానే అది అమల్లోకి వచ్చేసింది, అందరూ చూశారు. కుటుంబసభ్యులకి రాస్తే స్టాంపు డ్యూటీ అమ్మకం కంటే తక్కువే, అయినా మార్కెట్ విలువ మీద లెక్క కాబట్టి హైదరాబాద్ చుట్టుపక్కల స్థలాలకి లక్షల్లోకి వెళ్తుంది. పిల్లలకి ఇన్‌కమ్ ట్యాక్స్ పడదు. తర్వాత వాళ్ళు అమ్ముకుంటే మాత్రం మీరు కొన్న ధర నుంచే లాభం లెక్కేస్తారు. భార్య పేరు మీద గిఫ్టు రాస్తే దాని మీద వచ్చే అద్దె మళ్ళీ మీ ఆదాయంలోనే కలుపుతారు, అది ట్యాక్స్ తప్పించుకునే దారి కాదు.

చెడు ఏమిటంటే, అది వెనక్కి రాదు. దస్తావేజులో "దానాది వినిమయ విక్రయ సర్వహక్కులతో, పుత్రపౌత్ర పారంపర్యంగా" అని గడగడా చదివేస్తుంటే మనకది మంత్రంలా వినిపిస్తుంది గానీ అర్థం చాలా సూటిగా ఉంది, రేపు వాడు అమ్ముకున్నా తాకట్టు పెట్టుకున్నా మీరు అడగడానికి లేదు. మీకు బాగోలేక డబ్బు అవసరం పడితే ఆ ఇంటి మీద అప్పు తెచ్చుకోవాలన్నా సంతకం వాడిదే. మాకు తెలిసిన ఒకాయన రిటైరైన డబ్బుతో కొన్న ఫ్లాట్ ఒక్కగానొక్క కొడుకు పేర రాశారు. మూడేళ్ళకి ఆ అబ్బాయి రోడ్డు ప్రమాదంలో పోయాడు. ఫ్లాట్ కోడలికీ మనవరాలికీ ఈయన భార్యకీ తలా ఒక వాటా అయింది, ఈయనకి సున్నా. ఇందాక చెప్పాను కదా, కొడుకు పోతే తల్లికి వాటా ఉంది, తండ్రికి లేదు. కోడలు మంచిది, ఈయన్ని ఎవరూ బయటికి పొమ్మనలేదు, కానీ ఆయన ఇప్పుడు తన సొంత ఇంట్లో హక్కు లేకుండా ఉంటున్నారు. అదే వీలునామా అయ్యుంటే ఇల్లు ఈ రోజుకీ ఆయనదే, చింపేసి ఇంకోటి రాసుకునేవారు.

పిల్లలు చూడకపోతే గిఫ్టు రద్దు చేయించొచ్చు కదా అంటారు. చేయించొచ్చు, షరతులున్నాయి. 2007 తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ప్రకారం, అరవై దాటినవాళ్ళు తమని చూసుకోవాలనే షరతు మీద ఆస్తి రాసిచ్చి ఉంటే, వాళ్ళు చూడనప్పుడు ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌కి వెళ్ళి దాన్ని రద్దు చేయించుకోవచ్చు. ఆ షరతు ఉన్నట్టు చూపించాలని 2022లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. 2025 జనవరిలో వచ్చిన ఇంకో తీర్పు కాస్త ఉదారంగా చూసింది, అయితే అక్కడ పిల్లవాడు తల్లిని చూసుకుంటానని విడిగా రాసిచ్చిన కాగితం ఉంది. కాబట్టి గిఫ్టే రాయాలనుకుంటే "నా ఆలనా పాలనా, వైద్యం చూడాలి, చూడకపోతే ఈ దస్తావేజు రద్దు" అని దస్తావేజులోనే రాయించండి. "ప్రేమాభిమానాలతో" అన్న ఒక్క మాట నమ్ముకుంటే కష్టం. రాయించేటప్పుడు కొడుకు మొహం చిన్నబుచ్చుకుంటే, అది కూడా మీకు తెలియాల్సిన సమాచారమే.

మధ్యేమార్గం ఒకటుంది. గిఫ్టు రాస్తూనే బతికున్నంతకాలం నేనే అనుభవిస్తాను, నేనే ఉంటాను, అద్దెలు నావే అని రాసుకోవడం. స్వాధీనం ఇవ్వకపోయినా ఆ గిఫ్టు చెల్లుతుందని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, అదీ తెలుగువాళ్ళ కేసే. పిల్లల మధ్య గొడవ ఖాయం అని ముందే కనిపిస్తున్నప్పుడు, మీరు పోయాక వీలునామా మీద దావా పడుతుందని భయం ఉన్నప్పుడు ఇది పనికొస్తుంది. నా లెక్కలో గిఫ్టుకి ఇదొక్కటే గట్టి కారణం.

మా ఇంట్లో అసలు విషయం తేల్చింది మాత్రం వేరే. అన్నయ్య డల్లాస్‌లో ఉన్నాడని చెప్పాను కదా. విదేశాల్లో స్థిరపడినవాళ్ళకి, ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నా ఓసీఐ కార్డున్నా (అక్కడి పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళకి ఇచ్చే కార్డు), ఫెమా అనే విదేశీ మారక చట్టం రూల్స్ ప్రకారం వ్యవసాయ భూమి కొనడానికీ లేదు, గిఫ్టుగా తీసుకోవడానికీ లేదు. ఇల్లూ ఫ్లాటూ అయితే దగ్గరి బంధువు నుంచి గిఫ్టు తీసుకోవచ్చు. వ్యవసాయ భూమి మాత్రం వారసత్వంగానో వీలునామా ద్వారానో రావాలి. మంచి రోజు చూసి పెట్టిన లేఖరికి ఈ ముక్క తెలియదు, తెలిసినా చెప్పలేదో మరి. ఆ రోజు రిజిస్ట్రేషన్ అయిపోయి ఉంటే మా ఎకరం ఇరవై సెంట్లు అన్నయ్య పేర తప్పుగా ఎక్కేది, ఎప్పుడో అమ్మేటప్పుడు బయటపడేది. పిల్లలు అమెరికాలో ఉండి ఊళ్ళో పొలం ఉన్న ప్రతి ఇంటికీ ఇది వర్తిస్తుంది. ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి అయితే మీరు ఎక్కడున్నా గిఫ్టు జోలికి వెళ్ళే ముందు ఎమ్మార్వో ఆఫీసులో కనుక్కోండి, వాటికి బదిలీ ఆంక్షలు వేరుగా ఉన్నాయి.

విదేశాల మాట వచ్చింది కాబట్టి ఇంకో ముక్క. హైదరాబాద్‌లో ఉంటూ కంపెనీ ఇచ్చిన అమెరికా షేర్లు అక్కడి ఖాతాలోనే పెట్టుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. అమెరికా పౌరుడు కాని, అక్కడ నివాసం లేని మనిషి పోతే, అక్కడి ఆస్తి 60,000 డాలర్లు దాటితే ఎస్టేట్ ట్యాక్స్ ఉంది, పై రేటు 40 శాతం. మన దేశంలో ఆ పన్ను 1985లోనే ఎత్తేశారు కాబట్టి మనకి ఆ ఆలోచనే రాదు.

వీలునామా సంగతికొస్తే, దాని గొప్పతనం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, ఖర్చు లేదు, ఆస్తి మీదే. స్టాంపు పేపర్ అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. మీరు సంతకం పెట్టాలి, ఇద్దరు సాక్షులు మీ ఎదుట పెట్టాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా చేయించండి అంటాను నేను. రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన కోర్టులో దానంతట అదే నెగ్గదు, గొడవ వస్తే కనీసం ఒక సాక్షి వచ్చి చెప్పాల్సిందే, కానీ "ఇది దొంగ కాగితం" అనే మాట పలుచనైపోతుంది. అందుకే సాక్షులుగా నాన్న పేకాట స్నేహితుల్ని కాకుండా వయసులో చిన్నవాళ్ళని పెట్టాం, ఎదురింటి స్కూలు టీచర్నీ, ఫ్యామిలీ డాక్టర్నీ. వాటా వచ్చేవాళ్ళని సాక్షులుగా పెట్టొద్దు, అనుమానం అక్కడే మొదలవుతుంది. ఎవరికైనా తక్కువ రాస్తుంటే ఎందుకో ఒక వాక్యం రాయండి. సర్వే నంబరు, హద్దులు, ఇంటి నంబరు ఉండాలి. ముందు రాసినవి ఏమైనా ఉంటే చెల్లవని రాయాలి. మీకంటే ముందు ఆ పిల్లవాడే పోతే ఎవరికి అనేదీ రాయాలి. ఆంధ్ర, తెలంగాణల్లో ఉన్న ఆస్తికి హిందువుల వీలునామాకి ప్రొబేట్, అంటే అది అసలైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ, తప్పనిసరి కాదు. చెన్నై, ముంబైల్లోని ఆస్తికి 2025 దాకా తప్పనిసరిగా ఉండేది, అక్కడ ఆస్తి ఉంటే లాయర్ని విడిగా అడగండి.

ఒక్క వాక్యం మాత్రం జాగ్రత్తగా రాయించాలి. "నా తదనంతరం నా భార్య జీవితాంతం అనుభవించి, ఆమె తర్వాత నా కొడుక్కి చెందాలి" అని రాస్తారు. ఎంతో పద్ధతిగా ఉందనిపిస్తుంది, కానీ భార్యకి పోషణ హక్కు కింద ఇచ్చిన అలాంటి ఆస్తి పూర్తిగా ఆమెదే అయిపోతుందని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ కేసూ ఆంధ్రదే. అప్పటినుంచీ ఏది పూర్తి హక్కు, ఏది పరిమిత హక్కు అని కేసు మీద కేసు. అమ్మకి ఇవ్వాలనుకుంటే పూర్తిగా ఇచ్చేసి, అమ్మ చేత ఇంకో వీలునామా రాయించడమే మేలనిపించింది మాకు.

వీలునామా బలహీనతా చెప్పాలి. అది మీరు పోయాకే నోరు తెరుస్తుంది, అప్పుడు మీరు సమాధానం చెప్పడానికి ఉండరు. మంచం పట్టాక, ఒక్క బిడ్డ ఇంట్లో ఉండగా, మొత్తం ఆ బిడ్డకే రాసినట్టున్న వీలునామా మీద దావా పడకపోతే ఆశ్చర్యపోవాలి. ఆరోగ్యంగా తిరుగుతున్నప్పుడే రాయాలి, అదే దీనికి మందు.

సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో మా పని అరగంట అనుకున్నాం, రెండు గంటలు పట్టింది, ఎందుకంటే నాన్న వేలిముద్ర మిషన్‌లో పడలేదు. యాభై ఏళ్ళు పార పట్టిన చెయ్యి, గీతలు అరిగిపోయాయి. తడిగుడ్డతో తుడిచి, బొటనవేలు వదిలేసి చూపుడువేలు పెట్టి, చివరికి ఉంగరపు వేలికి పడింది. ఆ తర్వాత అధికారి మమ్మల్ని బయట నిలబడమని, నాన్నని ఒక్కర్నే "మీ ఇష్టంతోనే రాశారా, ఏం రాశారో తెలుసా" అని అడిగారు. "నా ఇష్టంతో కాకపోతే ఇంత ఎండలో ఎందుకొస్తానండీ" అన్న నాన్న గొంతు గుమ్మం దాకా వినిపించింది.

నామినీ గురించి చెప్పకుండా ముగిస్తే పాపం. నామినీ అంటే వారసుడు కాదు, డబ్బు తీసుకుని అసలు వారసులకి అప్పగించాల్సిన మనిషి. షేర్ల విషయంలో 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇదే మళ్ళీ చెప్పింది. ఎల్ఐసీ లాంటి బీమాల్లో మాత్రం 2015 సవరణ తర్వాత తల్లిదండ్రుల్ని, భార్యనో భర్తనో, పిల్లల్ని నామినీగా పెడితే ఆ డబ్బు వాళ్ళకే దక్కేలా మార్చారు. బ్యాంకు ఖాతాలకి 2025 నవంబరు 1 నుంచి నలుగురు దాకా నామినీల్ని పెట్టుకోవచ్చు. వీలునామాలో ఒకటి, నామినీలో ఇంకొకటి ఉంటే అది మీరే గొడవకి పిలుపు పంపినట్టు. నాన్న ట్రంకుపెట్టె తెరిచి పాత పంచెలో చుట్టి ఉన్న కాగితాలన్నీ మంచం మీద పరిచాం. పాసు పుస్తకం, ఇంటి లింకు డాక్యుమెంట్లు, లామినేషన్ చేయించిన బీమా బాండు, రెండు ఫిక్స్‌డ్ డిపాజిట్లు. అందులో ఒక దానికి నామినీ మా నాయనమ్మ. ఆవిడ పోయి పదిహేనేళ్ళు దాటింది. ప్రతిసారీ రెన్యువల్ చేసినప్పుడు ఎవరూ అడగలేదు, మేమూ చూడలేదు. మీ ఇంట్లో ఈ ఆదివారం ఒక్క పనే చేసే ఓపిక ఉంటే ఇదే చేయండి, వీలునామా ఆ తర్వాత.

ట్రస్టు మన మధ్యతరగతి ఇళ్ళకి అవసరం లేదు, ఒక్క సందర్భంలో తప్ప, మానసికంగానో శారీరకంగానో సొంతంగా నడుపుకోలేని బిడ్డ ఉంటే. అప్పుడు మిగతా పిల్లల మంచితనం మీద వదిలేయకుండా ట్రస్టు గురించి తెలిసినవాళ్ళని అడగాలి. భాగ పంపకాల దస్తావేజు అందరూ ఇప్పుడే సరేనంటున్నప్పుడు, ఉమ్మడి ఆస్తి విడగొట్టడానికి మంచిది. ముస్లిం కుటుంబాల లెక్క వేరు, వారసుల ఒప్పుదల లేకుండా మూడో వంతుకి మించి వీలునామా రాయడానికి లేదు, బతికుండగా ఇచ్చే హిబా వేరే పద్ధతి.

మా ఇంట్లో ఏం చేశామంటే, పొలం అంతా వీలునామా, ఇల్లు అమ్మకి, డిపాజిట్ల నామినీలు మార్పు. గిఫ్టు ఏదీ రాయలేదు. మీకు పిల్లలందరూ ఇక్కడే ఉండి, ఒకరు మాత్రమే మిమ్మల్ని చూస్తూ, మిగతావాళ్ళు గుర్రుమంటుంటే, ఆ ఒక్కరికి రాసే ముక్కని అనుభవ హక్కు మీకు ఉంచుకుని షరతుతో గిఫ్టుగా రాయండి, మిగతాది వీలునామాలో పెట్టండి. ఉంటున్న ఇల్లు మాత్రం ఏ కారణానికీ షరతు లేకుండా ఎవరికీ రాయొద్దు, నాకైనా సరే రాయొద్దని నాన్నతో నేనే చెప్పాను.

అమ్మ వీలునామా వారం తర్వాత రాయించాం. ఇల్లు, బ్యాంకులో డబ్బు అన్నీ చెప్పింది. లాయర్ "బంగారం కూడా రాద్దామా అమ్మా" అంటే అమ్మ కొంచెం ఆలోచించి, "అది రాయొద్దులెండి బాబూ. ఎవరికి ఏది ఇవ్వాలో నాకు తెలుసు, నా చేత్తో నేనే ఇచ్చుకుంటాను" అంది. చేత్తో ఇచ్చే నగలకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని లాయర్ ఒప్పుకుని ఆ లైను కొట్టేశారు.